కుమ్మరి ముద్ర

మానవుడు తన చేతులతో నిర్మించుకొన్న వస్తువులలో మట్టిపాత్ర వలె విధేయమైనది వేరొకటి లేదు. తడి యున్నంతవరకు అది ఏ రూపమిచ్చినను ఆ రూపమును గ్రహించును, అగ్నిలో ఒకమారు పండిన పిమ్మట ఆ రూపమును వేల సంవత్సరములైనను విడువకుండును. ఆ విధేయతకును ఈ దార్ఢ్యమునకును నడుమ స్వల్పమైన వ్యవధి యొకటి కలదు. పాత్రపై ముద్ర వేయుటకు అదియే అదను.

విశాఖపట్టణమున సీతమ్మధార నేడు అంతస్తుల మేడలతోను, రైతుబజారు సందడితోను నిండిన పేట. అచ్చట ఒక యింటి క్రింది భాగమున ఒక యువతి సారె పెట్టుకొని కాఫీ మగ్గులు చేయుచున్నది. ఆమెకు ఇది కులవృత్తి కాదు. ఉన్నత విద్య ముగించి, మనసుపడి ఈ పనిని నేర్చుకొన్నది. ఇట్టివారు ఇప్పుడు మన దేశమున పెక్కురు కలరు. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అను దంపతులు పుదుచ్చేరిలో నెలకొల్పిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ వారిలో అనేకులకు గురుకులమైనది. తీరిక దొరకినప్పుడెల్ల నేను ఆమె పనిచేయు గదిలో ఒక ప్రక్కన కూర్చుండి, మాట కలుపక, ఆ చేతులనే చూచుచుందును.

మొదట ఆమె బంకమట్టిని చపాతీ పిండివలె మర్దించి, లోపల గాలిబుడగ మిగులకుండ జేసి, సమానమైన ముద్దలుగా తూచుకొనును. ముద్దను సారె నడుమ నిలిపి, తడిచేతులతో అదిమి, బొటనవ్రేళ్లతో లోతు చేసి, లోపలి చేయి, వెలుపలి చేయి ఒండొంటికి బదులు చెప్పుకొనుచుండగా గోడను పైకి లాగును. మగ్గు రూపము వచ్చుటకు పట్టునది కొన్ని నిమిషములే. కాని అసలైన ఓర్పు తరువాత మొదలగును. పచ్చిమట్టిపై అచ్చు నొక్కినచో గోడ కూలును. ఎండినదానిపై నొక్కినచో బీటవారును. వ్రేలితో తాకిన అంటక, గోటితో గీసిన గీత పడునట్టి స్థితి రావలెను. సముద్రపు తేమగాలి వీచు ఈ యూర ఆ స్థితి ఏ గంటకు వచ్చునో గడియారము చెప్పజాలదు. వానకాలమున అది మరునాటికి గాని రాదు, ఫాల్గునపు ఎండలో మధ్యాహ్నమునకే దాటిపోవును. అందుచేత ఆమె మగ్గులపై పలుచని ప్లాస్టిక్ గుడ్డ కప్పుచు, తీయుచు, వ్రేలితో తాకి చూచుచు, కనిపెట్టుకొని యుండును.

అదను వచ్చినంతనే అచ్చులు వెలికి వచ్చును. కొన్ని ఆమెయే మట్టితో చేసి కాల్చుకొన్నవి. మెరుగు పూయని కాలిన మట్టి తడిని పీల్చుకొనును గనుక పచ్చిమట్టికి అంటుకొనదు. కొన్ని పెడనలో కలంకారీ బట్టలపై అద్దుటకై టేకు చెక్కపై చెక్కిన పాత అచ్చులు. బట్టపై రంగుగా పడవలసిన తీగయు మొగ్గయు ఇచ్చట మట్టిపై లోతుగా పడును. ఆమె లోపలినుండి రెండు వ్రేళ్లు ఆనించి, వెలుపలినుండి అచ్చును మెల్లగా దొర్లించి నొక్కును. పల్లెలో కుమ్మరి కుండ లోపల రాయి పట్టుకొని, పైనుండి చెక్కతో తట్టి గోడను పెంచుటలో నున్న సూత్రమే ఇది: లోపల ఆలంబనము లేనిదే వెలుపలి ఒత్తిడిని ఏ గోడయు సహింపదు. పిమ్మట, అతుకుచోట్ల గీతలు గీసి, మట్టినీరు పూసి పిడిని అతికించి, చివరకు అడుగంచు దగ్గర తన గురుతైన చిన్న ముద్రను ఒకే నొక్కుతో వేయును. ఆ నొక్కు వేయునప్పుడు ఆమె ముఖమున కనబడు గాంభీర్యము దస్తావేజుపై సంతకము చేయువారి గాంభీర్యమే.

మొదటి కాల్పు వేయి డిగ్రీలలోపు, మెరుగు పూసిన పిదప రెండవ కాల్పు పన్నెండు వందల డిగ్రీలకు పైబడి జరుగును. మేడల నడుమ పొగలు గ్రక్కు ఆవము పేర్చుటకు వీలులేదు గనుక ఆమెది విద్యుత్ బట్టీ. 573 డిగ్రీలకడ మట్టిలోని స్ఫటికరేణువులు తటాలున వ్యాకోచించును, చల్లారునపుడు అచ్చటనే సంకోచించును. కాబట్టి వేడి యెక్కుటయు దిగుటయు నెమ్మదిగా సాగవలెను. కాలి వచ్చునప్పటికి మగ్గు ఇంచుమించు పదవ వంతు కుదించుకొనును. దానితోపాటు ముద్రయు కుదించుకొని మరింత స్ఫుటమగును. కరగిన మెరుగు ముద్ర అంచులపై పలుచబడి, పల్లములలో నిలిచి చిక్కబడును. ఆ మెరుగునకు తేనె వన్నె మొదలు ముదురు గోధుమ వన్నె వరకు ఇచ్చునది ఇనుప భస్మమే. 1990లో ఉక్కు కర్మాగారమున గోదావరి యను పేరుగల మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రజ్వరిల్లిన ఈ ఉక్కునగరమున, అచ్చట దూలములును కడ్డీలును అగు ఇనుమే ఇచ్చట ఒక కాఫీ మగ్గునకు రంగగుట నాకు మిక్కిలి ఉచితముగా తోచును.

ఇక ముద్ర యెందులకు అను ప్రశ్న. మన పల్లెలలో కుమ్మరి తన కుండపై పేరు వ్రాసికొనలేదు; వ్రాసికొనవలసిన పని అతనికి లేకుండెను. కళ్లమున మేర కొలిపించుకొన్నవాడు అతడే, పెండ్లినాడు మేళతాళములతో వచ్చినవారికి ఐరేని కుండలు ఎత్తి యిచ్చినవాడు అతడే. కుండ కారినచో పోయి అడుగుటకు ఊరందరికి అతని వాకిలి తెలియును. 'కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు' అని అతని శ్రమలోని దైన్యమును సామెతగా చెప్పుకొన్న సమాజమే, అతని చేతిని కుండ మోతలోనే గుర్తుపట్టెను. చేసినవాడును వాడినవాడును ఒకే వీధిలో నున్నంతకాలము పరిచయమే ముద్ర.

పాత్ర దూరము పోయినప్పుడు సంగతి వేరు. 1945లో పురావస్తు శాస్త్రజ్ఞుడు మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి చెంత అరికమేడులో త్రవ్వింపగా, ఇటలీ దేశపు అరెజ్జో నుండి రెండువేల యేండ్ల క్రిందట ఓడలలో వచ్చిన ఎఱ్ఱని పాత్రల పెంకులు బయటపడినవి. వానిపై కమూరి, ఇట్టా వంటి కుమ్మరుల పేళ్లు ముద్రితములై యున్నవి. ఆ పాత్రలలో భుజించిన వర్తకులు ఆ కుమ్మరులను ఎన్నడును చూచి యుండరు. అయినను ఈ పని మాదియని ఆ కుమ్మరులు సముద్రమునకు ఈవలి తీరమున సాక్ష్యము పలుకుచున్నారు. ఇంగ్లండులో 1920లో బెర్నార్డ్ లీచ్ అను కుమ్మరి, జపాను నుండి వచ్చిన హమాడా షోజీతో గూడి సెయింట్ ఐవ్స్ పట్టణమున కుమ్మరిశాల స్థాపించినప్పుడును, అచ్చటి పాత్రలు చేరెడు ఇండ్లు చేసినవారికి తెలియనివే. అందుచేత పాత్రల అడుగున శాల ముద్ర పడెను, లీచ్ తన పాత్రలపై సొంత ముద్రయు వేసికొనెను.

సీతమ్మధారలోని ఆ యువతి ముద్రకును కారణమిదియే. ఆమె మగ్గు ఏ మేడలో ఏ యంతస్తునకు చేరునో, ఏ బంధువు వెంట ఏ దేశమునకు పోవునో ఆమె యెరుగదు. పల్లెకుమ్మరి తన వాకిట నిలిచి చెప్పిన జవాబునే ఆమె ముద్ర దూరము నుండి చెప్పుచున్నది. యంత్రము అచ్చులలో లక్షలుగా పోసి తీయు కప్పులపైనను ముద్ర యుండును, కాని అది సంస్థ పేరు. పగిలినచో, అతుకు ఊడినచో, నొచ్చుకొను మనిషి దాని వెనుక కానరాడు. చేతిముద్ర అలంకారము కాదు, గర్వచిహ్నమును కాదు, అది పూచీ. ఆ పూచీకి చెల్లించు మూల్యమును అధికమని నేను తలపను.

పాఠకులకు ఒక మనవి. ముద్రగల మగ్గును ఆదరించి కొనుడు. అంతతో తృప్తి చెందకుడు. వేసవిలో రోడ్డు ప్రక్కన నీటికుండలు, దీపావళికి ప్రమిదలు పేర్చుకొని కూర్చుండు కుమ్మరి తన సరకుపై ముద్ర వేయడు; మనమో, ఇప్పుడు అతని వీధివారము కాము. కాబట్టి బేరము మొదలిడుటకు ముందు అతని పేరును, అతని యూరును అడిగి తెలిసికొనుడు.