ఉస్తాద్‌ల ఇద్దరు గురువులు

పదో తరగతి దాకా నాది ఉర్దూ మీడియం. డిగ్రీల తెలుగు తీసుకుంటనంటే మొహల్లా దోస్తులు నవ్విండ్రు. రోజూ కాలేజీకి పోయే హైసియత్ లేదు. వారమంతా దుకాణంల పని, ఇత్వార్ నాడు ఓపెన్ యూనివర్సిటీ క్లాసులు. దేశంలనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982ల హైదరాబాద్‌ల పెట్టిండ్రు గనక సరిపోయింది, లేకుంటే నా అసుంటోళ్లకు డిగ్రీ ఖ్వాబే.

పుస్తకాలు మంచిగనే ఉండేటివి. కానీ పుస్తకాన్ని ఎన్నిసార్లు సవాల్ అడిగినా అదే జవాబ్ చెప్తది. క్లాసుల నూరు మందికి పైనే ఉంటిమి. కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, పోలీసోళ్లు. నాది ఆఖరి బెంచీ. ఛందస్సు పాఠంల సార్ గురువు, లఘువు అంటుంటే నాకు గురువంటే ఉస్తాదే మాలూమ్. లేచి అడుగుదామంటే షరమ్. తుర్క పిలగానికి తెలుగేం వస్తదంటరేమోనని ఇంకింత డర్.

మూడో ఇత్వార్ సార్ ఒక అట్టడబ్బా తెచ్చి ఎనక బెంచీ మీద పెట్టిండు. "నోరు తెరవలేనోళ్లు పర్చీ రాయుండ్రి. పేరొద్దు" అన్నడు.

రాసిన. ఆయన గట్టిగ చదివిండు: "గురువంటే ఉస్తాద్ గద, పద్యంల ఇంతమందెందుకు?" క్లాసంత నవ్వింది. నా చెవులు కాలినయ్. సార్ నవ్వలే. ఎవరు రాసిండ్రనీ అడగలే. బోర్డు మీద 'ఉస్తాద్' అని రాసిండు. "ఉ పొట్టి అక్షరమే. కానీ దాని తర్వాత ఒత్తున్న అక్షరం వచ్చింది, ఊది పలుకుతం, గురువైంది. స్తాద్ ఎట్లనూ దీర్ఘం, అదీ గురువే. ఈ మాటల ఇద్దరు గురువులున్నరు" అన్నడు.

మళ్ల వారం డబ్బా నిండింది.

ఇప్పుడు నేనే అప్పుడప్పుడు జర్నలిజం పిల్లలకు ఆన్‌లైన్ల వార్త రాసుడు చెప్త. తెర మీద అన్నీ నల్లడబ్బాలే. సమజైందా అంటే ఖామోషీ. కెమెరాలు పెట్టుమని జబర్దస్తీ చేసుడు బేకార్. ఒక్క అర్రల ఐదుగురుండే ఇండ్లల్ల నేనూ పెరిగిన. అందుకే మధ్యల పది నిమిషాలు ఆపి, నాకొక్కనికే కనపడేటట్టు మెసేజ్ పెట్టుమంట. పేరు నాకు తెలుస్తది గని బయటికి చెప్ప. అన్నిటికీ వఖ్త్ సరిపోదు. మిగిలినయి మళ్ల క్లాసు మొదట్లనే చెప్త. బాకీ పెడితే పిల్లలు అడుగుడే బంద్ జేస్తరు.

పోయిన వారం ఒక మెసేజ్: "సార్, లీడ్ అంటే లీడర్ల వార్తనా?" గట్టిగ చదివిన. ఎవరిదో మైక్ తెరిచున్నది, పక్కున నవ్విండ్రు.

"మీకు తెలిస్తే చెప్పుండ్రి" అన్న.

మైక్ బందైంది.