అవతలి ఒడ్డును తలుచుకునే ఏడు రోజులు

మనకు మహాలయ పక్షాలున్నట్టే జపాను వాళ్లకు ‘హిగన్’ అని ఏడు రోజులున్నాయి. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు, దానికి ముందు మూడు, వెనక మూడు. మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి వస్తాయి. ఎండలు తగ్గాలంటే హిగన్ రావాల్సిందేనని వాళ్ల సామెత. నడిమి రోజు 1948 నుంచి దేశమంతటికీ సెలవు.

హిగన్ అంటే అవతలి ఒడ్డు. బౌద్ధంలోని ‘పారమిత’కు వాళ్లు చెప్పుకునే అర్థమే ఇది. నడిమి రోజు పెద్దలను తలుచుకోవడానికి. మిగతా ఆరు రోజులూ దానం, శీలం, ఓర్పు, పట్టుదల, ధ్యానం, జ్ఞానం రోజుకొకటి చొప్పున.

2024 సెప్టెంబరులో నేను ఒసాకాలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. ఆ ఏడు వాళ్ల హిగన్, మన పక్షాలు కలిసే వచ్చాయి. పొలంగట్ల మీద, సమాధుల పక్కన ఎర్రటి హిగన్ పూలు విరగబూశాయి. పువ్వున్నప్పుడు ఆకుండదు. దుంప విషం కాబట్టి ఎలుకలూ పందికొక్కులూ రావని గట్ల మీద నాటేవారట.

ఈ రోజుల్లో ‘ఒహగి’ చేస్తారు. జిగురు బియ్యంలో కాస్త మామూలు బియ్యం కలిపి వండి, సగం మెదిపి ఉండలు చేయాలి. అజుకి అనే చిన్న ఎర్ర గింజలను మెత్తగా ఉడికించి, పంచదార, చిటికెడు ఉప్పు వేసి దగ్గరపడేదాకా కలిపి ఉండలకు పైన పట్టించాలి. మన బూరెలో పూర్ణం లోపలుంటే, వీళ్లకు బయటుంటుంది!

నడిమి రోజు సాయంత్రం షితెన్నోజి ఆలయానికి వెళ్లాం. 593లో షోతోకు యువరాజు కట్టించాడంటారు. ఆ రోజు సూర్యుడు సరిగ్గా పడమట, అక్కడి రాతి తోరణంలోంచి అస్తమిస్తాడు. పల్చటి చెక్క ముక్కల మీద పోయినవాళ్ల పేర్లు రాయించి నీటిలో వదులుతున్నారు. కూతుళ్లు, కోడళ్లు, మనవలు అందరూ ఉన్నారు.

మేమిద్దరం ఆడపిల్లలమే. అమ్మ తిథికి ఏటా మా బాబాయి కొడుకును బతిమాలుకోవాలి. “ఇక్కడ కొడుకే చేయాలన్న పట్టింపు లేదక్కా” అంది చెల్లి. నేనేమీ అనలేకపోయాను.

అమావాస్య నాడు గారెలూ ఒహగీ రెండూ చేసి అమ్మ ఫొటో ముందు పెట్టాం. మంత్రాలు మాకు రావు. అమ్మ పేరు చెప్పుకుని, చెరో చెంబుతో నీళ్లు వదిలాం.