తలదూర్చాలా, వద్దా?

మా ముగ్గురి నాన్నలవీ బదిలీల ఉద్యోగాలే. ఒకరిది రైల్వే, ఒకరిది కలైకుండా ఎయిర్‌ఫోర్స్, ఒకరిది సైన్యం. ఏ ఊరు వెళ్ళినా ముందు తెలుగువాళ్ళ కోసం వెతుక్కుంటాం. ఖరగ్‌పూర్‌లో వెతకక్కర్లేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్నించీ శ్రీకాకుళం, విశాఖ వైపు వాళ్ళు ఇక్కడ ఉన్నారు. గోల్‌బజార్‌లో తెలుగులోనే బేరమాడొచ్చు.

ఈసారి చర్చాపోటీ అంశం: "పరాయి దేశాల గొడవల్లో మన దేశం తలదూర్చాలా?" ముగ్గురం ఒకే మాట అన్నాం, వద్దని. మనింట్లో పనులే బోలెడుండగా పక్కింటి తగువు మనకెందుకు? శ్రీలంక ఉదాహరణ కూడా దొరికింది. 1987 జులైలో ఒప్పందం చేసుకుని, శాంతి కోసం మన సైన్యాన్ని పంపారు. వెళ్ళినవాళ్ళు ఎల్‌టీటీఈతో యుద్ధంలో చిక్కుకున్నారు. 1990 మార్చిలో వెనక్కి వచ్చేసరికి దాదాపు 1,200 మంది జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. ఇంకేం, గెలిచేశాం అనుకున్నాం.

మా లెక్క తప్పించింది పక్క క్వార్టర్‌లోని దిదా, అంటే మా బెంగాలీ స్నేహితుడి అమ్మమ్మ. 1971లో పదకొండేళ్ళ వయసులో ఖుల్నా వైపు నుంచి నడిచి వచ్చారట. ఆ ఏడు దాదాపు కోటిమంది అలాగే సరిహద్దు దాటారు. "మీరు మా ఇంట్లో తలదూర్చలేదురా, మేమే వచ్చి మీ ఇంట్లో పడ్డాం" అని నవ్వారు. తమ్ముడు దారిలోనే కలరాతో పోయాడని చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రం మేం నోట్సులో ఒక్క ముక్క రాయలేదు.

వర్క్‌షాపులో రిటైరైన తాతయ్య ఇంకోటి చెప్పారు. 1965లో యుద్ధమంతా పంజాబ్ వైపే అనుకుంటుంటే, సెప్టెంబర్ 7న ఢాకా వైపు నుంచి సేబర్ విమానాలొచ్చి కలైకుండా మీద దాడి చేశాయి. ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆల్ఫ్రెడ్ కుక్ హంటర్ విమానంలో వాటిని ఎదుర్కొని వీరచక్ర అందుకున్నారు. "మనం ఊరుకున్నా ఆకాశం ఊరుకోదర్రా" అన్నారు తాతయ్య. ఆయన మాటలు ఎప్పుడూ కాస్త పెద్దవిగానే ఉంటాయి.

ఇద్దరం వైపు మార్చేశాం. 1971లో ఇందిరాగాంధీ దేశాలు తిరిగి చెప్పి చూశారు. డిసెంబర్ 3న మొదలైన యుద్ధం 16న ముగిసింది. మరుసటి మార్చికల్లా మన సైన్యం ఢాకా నుంచి వచ్చేసింది. శ్రీలంకకు వెళ్ళేటప్పుడు ఎప్పుడు తిరిగి రావాలో ఎవరికీ తెలియలేదు. వెళ్ళొచ్చు గానీ, తిరిగొచ్చే దారి చూసుకునే వెళ్ళాలి అని రాసుకున్నాం. మాకు భలే నచ్చింది.

మూడో అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. వాళ్ళ నాన్న ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో దక్షిణ సూడాన్‌లో ఉన్నారు. "దేశం వెళ్ళాలి, దేశం వెళ్ళాలి అంటున్నారు. వెళ్ళేది మా నాన్న" అంది. మా దగ్గర జవాబు లేదు. తను ఒక్కతే "వద్దు" వైపు మాట్లాడింది, మా ఇద్దరికన్నా బాగా.

ఆ ఆదివారం వాళ్ళ నాన్న వీడియోకాల్ చేస్తే ముగ్గురం ఫోన్ ముందు చేరాం. బొమ్మ మధ్యమధ్య ఆగిపోతోంది. పోటీ సంగతి విని, "ఏ వైపు మాట్లాడావమ్మా?" అని అడిగారు.

తను మా వైపు చూసింది. "మీరు ముందు అన్నం తిన్నారా నాన్నా?" అంది.