పాత జిప్సీ, లక్ష రూపాయలు, కొంచెం బురద

పాత జిప్సీ కొన్నానని తెలియగానే మైలేజీ ఎంత అని అడుగుతారనుకున్నా. అది రెండో ప్రశ్నట. మొదటి ప్రశ్న "ఎంత లేపించావ్?" అని. లేపడం అంటే దొంగతనం కాదులెండి. బండి కింద లిఫ్ట్ కిట్ వేయించి, బాడీని ఛాసిస్‌తో సహా నాలుగంగుళాలు పైకెత్తడం. ఆఫ్‌రోడింగ్ అనగానే మనవాళ్ళకి ముందు కళ్ళముందు కనపడేది అదే. ఎత్తైన బండి, దానికి ట్రాక్టరంత టైర్లు, నెత్తిన వరసగా లైట్లు, ముందు ఇనుప బంపరు.

నా జవాబు: సున్నా అంగుళాలు. ఇది పిసినారితనం అని కొందరు, భయం అని కొందరు తేల్చేశారు. రెండూ కొంత నిజమే కానీ అసలు కారణాలు వేరే ఉన్నాయి. తక్కువ డబ్బుతో పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిని దారిలేని చోట్లకి సిద్ధం చేద్దామనుకునేవాళ్ళకి పనికొస్తాయని రాస్తున్నా.

ముందు బండి గురించి రెండు ముక్కలు. జిప్సీ మన దేశంలోకి వచ్చింది 1985లో, 970 సీసీ ఇంజనుతో. 1996లో 1300 సీసీ ఇంజనుతో జిప్సీ కింగ్ వచ్చింది. 2000లో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ వచ్చి 80 బీహెచ్‌పీ అయింది. 2019 నుంచి మామూలు జనానికి అమ్మడం ఆపేశారు. నాది 2008 మోడల్, సాఫ్ట్ టాప్. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. కానీ దీని బరువు దాదాపు ఒక టన్నే. ముందూ వెనకా రెండూ గట్టి యాక్సిళ్ళు, నాలుగు వైపులా కమాన్ పట్టీలు, లో రేంజ్ ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు. అంటే కొండా గుట్టా ఎక్కడానికి కావలసిన సరంజామా అంతా పుట్టుకతోనే ఉంది. సమస్యల్లా పుట్టి పదిహేనేళ్ళు దాటడమే.

మా ఆఫీసులో పాత కోడు చేతికొస్తే ఏం చేస్తాం? కొత్త ఫీచర్లు తర్వాత, ముందు ఉన్నది సరిగ్గా నడుస్తోందా అని టెస్టులు నడిపిస్తాం. బండికి మాత్రం ఎందుకో అందరం ఉల్టా చేస్తాం. బుష్షులు అరిగి, పట్టీలు కుంగి, స్టీరింగు వణుకుతున్న బండికి పైన లిఫ్ట్ కిట్ బిగిస్తాం. నాకు మొదట ఒక షాపులో ఇచ్చిన ఎస్టిమేటు 2,80,000. లిఫ్ట్, 31 అంగుళాల టైర్లు, బంపరు, వించి, స్నార్కెల్, లైట్లు. అందులో బ్రేకుల ఊసే లేదు!

ఇప్పుడు కాస్త లెక్కలు చూద్దాం, భయపడకండి, పదో తరగతి లెక్కలే. జిప్సీ నేలకి 210 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కింద అన్నిటికంటే ముందు రాయికి తగిలేది యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు. అది ఎక్కడుంది? చక్రాల మధ్య. లిఫ్ట్ కిట్ యాక్సిల్ పైన ఉన్న బాడీని లేపుతుంది గానీ యాక్సిల్‌ని కాదు. కాబట్టి నాలుగంగుళాలు లేపినా ఆ గుండు ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే. కంపెనీ టైరు 205/70 ఆర్15, వ్యాసం 668 మిల్లీమీటర్లు. చాలామంది వేసే 215/75 ఆర్15 అయితే 703. తేడా 35, అందులో సగం మాత్రమే నేలకీ యాక్సిల్‌కీ మధ్య పెరుగుతుంది. అంటే 18 మిల్లీమీటర్లు, మన చూపుడువేలి మందం. దీనికి ప్రతిఫలంగా గేర్లు ఐదు శాతం బరువెక్కుతాయి, స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే మీరు 63లో పోతుంటారు.

ఇక ఎత్తు లెక్క. జిప్సీ ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం 1.3 మీటర్లు. బరువంతా నేలకి 65 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. కదలకుండా నిలబెట్టి పక్కకి వంచుకుంటూ పోతే 45 డిగ్రీల దగ్గర పడిపోతుంది. లిఫ్ట్ వల్ల బరువు కేంద్రం 8 సెంటీమీటర్లు పైకెళ్తే అది 42కి దిగుతుంది. మూడు డిగ్రీలేగా అనకండి. ఇది నిలబడి ఉన్న బండి లెక్క. కదిలే బండిలో, పై చక్రం రాయెక్కి, కింది చక్రం గుంటలో దిగిన క్షణంలో ఆ మూడు డిగ్రీలే మిగిలి ఉండొచ్చు.

ఇది కాగితం మీద లెక్క కాదు. నా స్నేహితుడొకడు తన జీపుని నాలుగంగుళాలు లేపించాడు. ఒక ఆదివారం చెరువు కట్ట వాలు మీద అడ్డంగా పోతుంటే బండి నెమ్మదిగా, ఏదో నిద్రొచ్చినట్టు, పక్కకి ఒరిగింది. వేగం పది కూడా లేదు. కాలర్ బోన్ విరిగి మూడు నెలలు ఒంటిచేత్తో కోడు కొట్టాడు. బీమా కంపెనీ ఏమో ఆర్సీలో లేని మార్పులున్నాయని క్లెయిము తోసిపుచ్చింది. ఆసుపత్రి బిల్లు వేరే పాలసీ కట్టింది గానీ బండి మాత్రం ఇనుప సామాన్ల వాడికి పోయింది.

చట్టం కూడా ఇదే చెబుతోంది మరి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. ముందు బిగించే ఇనుప గార్డుల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకి రాసింది. పైగా మనది పదిహేనేళ్ళు దాటిన బండి. ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఆఫీసరు ముందు నిలబెట్టాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది. 2025లో, ఇరవయ్యేళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు. అంత కట్టి, లేపిన బండిని తీసుకెళ్ళి తనిఖీలో వెనక్కి పంపించుకోవడం ఎందుకు చెప్పండి?

సరే, ఇన్ని చెప్పావు, నువ్వేం చేశావయ్యా అంటారా? వస్తున్నా.

పాతబస్తీలో జిప్సీలు తప్ప ఇంకేవీ ముట్టని ఉస్తాద్ ఒకాయన ఉన్నాడు. బండి కింద దూరి పావుగంట తర్వాత బయటికొచ్చి, "సాబ్, ముందు దీన్ని మళ్ళీ జిప్సీ చేద్దాం. తర్వాత మీ ఇష్టం" అన్నాడు. నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను.

కుంగిపోయిన పట్టీలు విప్పి, కొట్టించి వంపు తెప్పించాం. బుష్షులూ యూ-బోల్టులూ కొత్తవి వేశాం. 14,000 అయింది. దీంతోనే వెనక భాగం ఒకటిన్నర అంగుళం లేచింది. ఇది లిఫ్ట్ కాదు, ఇన్నేళ్ళలో పోగొట్టుకున్నది తిరిగి రావడం. కంపెనీ రకం షాక్ అబ్సార్బర్లు నాలుగు, 9,000. స్టీరింగు కింగ్‌పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, సీళ్ళు కలిపి 11,000. జిప్సీ నడిపినవాళ్ళకి తెలుసు, 60 దగ్గర స్టీరింగు పూనకం వచ్చినట్టు ఊగుతుంది. చాలాసార్లు దానికి కారణం ఈ అరిగిన సామానే. బ్రేకులు మొత్తం 8,000. ఇంజను, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియళ్ళు అన్నిటికీ కొత్త ఆయిలు 5,500. పెట్రోలు, నీళ్ళ గొట్టాలు 3,000. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు దానికి ఓర్చుకోదు. కాలువ మధ్యలో పెట్రోలు కారడం కన్నా ముందే మార్చడం నయం.

అన్నిటికంటే చౌకైనది, నాకు బాగా నచ్చినది 400 రూపాయల పని. యాక్సిళ్ళకి గాలి పీల్చుకునే చిన్న గొట్టం ఉంటుంది. రోడ్డు మీద వేడెక్కిన యాక్సిల్ వాగు నీళ్ళలో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. అప్పుడు ఆ గొట్టంలోంచో సీళ్ళలోంచో నీళ్ళని లోపలికి లాగుతుంది. ఆయిలు మజ్జిగ అవుతుంది. ఆ గొట్టానికి రబ్బరు ట్యూబు తగిలించి ఇంజను దగ్గర ఎత్తుగా కట్టేస్తే చాలు. వేలు పోసి స్నార్కెల్ పెట్టి దీన్ని వదిలేసినవాళ్ళని నేను చూశాను.

టైర్లు కంపెనీ సైజులోనే, కానీ ఆల్ టెరైన్ రకం. కాస్త వెతకాల్సి వచ్చింది. స్టెపినీతో కలిపి ఐదు, 37,000. వాటితోపాటు బ్యాటరీకి తగిలించే గాలి కంప్రెసర్, గేజీ 3,600. అసలు మంత్రం ఇక్కడే ఉంది. మనుషులతో కలిపి 1,200 కిలోల బండి అనుకోండి, ఒక్కో చక్రం మీద 300 కిలోలు. గాలి 28 పీఎస్ఐ ఉంటే టైరు నేలని తాకే మేర సుమారు 24 చదరపు అంగుళాలు. 16కి దించితే సుమారు 41. పైసా ఖర్చు లేకుండా పట్టు దాదాపు రెట్టింపు దగ్గరికి వెళ్ళింది! ఇసుకలో, వదులు రాళ్ళలో ఇది ఏ లిఫ్ట్ కిట్టూ చెయ్యలేని పని. కాకపోతే అంత తక్కువ గాలితో వేగంగా పోకూడదు, మలుపులో టైరు రిమ్ములోంచి ఊడుతుంది. తారు రోడ్డెక్కే ముందు మళ్ళీ గాలి కొట్టాల్సిందే. ఆ పావుగంట ఓపిక లేనివాళ్ళకి ఈ సరదా వద్దు.

చివరగా తాడు, నాలుగు షాకిళ్ళు, పార, చేతి తొడుగులు కలిపి 8,000. షాకిల్ మీద ఎన్ని టన్నులో అచ్చు వేసి ఉండాలి, ముప్పావు అంగుళానిది 4.75 టన్నులు. తాడు కట్టేది ఛాసిస్‌కి బోల్టు చేసిన కొక్కేనికే. వెనక ట్రైలర్ గుండుకి కడితే అది తెగి ఫిరంగి గుండులా వస్తుంది, మనుషులు పోయిన సందర్భాలున్నాయి. తాడు మధ్యలో తడి గోనెసంచి వేసి, మిగతావాళ్ళని తాడు పొడవుకి రెట్టింపు దూరం జరపడం తప్పనిసరి.

మొత్తం 99,500. లక్షకి 500 తక్కువ, ఆ రోజు ఉస్తాద్ దగ్గర బిర్యానీకి సరిపోయింది.

డిఫరెన్షియల్‌ని వెల్డింగ్ చేయించు, రెండు వేలల్లో లాకర్ వచ్చినట్టే అని సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి, నిజమే. కానీ రోడ్డు మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి కదా? తిరగలేక టైరు ఈడ్చుకుంటుంది, వానలో బండి నిటారుగా జారుతుంది. ట్రైలర్ మీద వేసుకుని మోసుకెళ్ళే బండికి సరే, అదే బండిలో ఇంటికి రావలసినవాళ్ళకి కాదు.

నాకు ఈ బండి సరదాకి మాత్రమే కాదు. పరిగి దగ్గర మాకు కొంచెం పొలం ఉంది. వానాకాలం బోరు మోటరు దగ్గరికి పోవాలంటే కిలోమీటరున్నర బండ్లబాట, సగం రాళ్ళు, సగం నల్లరేగడి. ఇన్నాళ్ళూ నాన్న చెప్పులు చేతబట్టుకుని నడిచేవాడు. మోకాళ్ళ నొప్పులొచ్చాక అది కష్టమైంది. ఇప్పుడు ముందు సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుంటాడు. వెనక పక్కసీట్లకి బెల్టులుండవు, కాబట్టి అక్కడ ఎరువు బస్తాలు తప్ప ఎవరినీ ఎక్కించను. నాన్న పక్కన కూర్చున్నప్పుడు ఆ 42 డిగ్రీలకీ 45 డిగ్రీలకీ తేడా ఏంటో నాకు అర్థమవుతుంది.

పోయిన జులైలో ముసురు రెండ్రోజులు వదల్లేదు. లో రేంజ్ వేసి, గాలి దించి బయల్దేరదామని నేను తయారు. నాన్న అరుగు మీంచి లేవలేదు. "నేల ఆరనియ్యి బిడ్డా, గిప్పుడు ఎడ్లు గూడ దిగయ్" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బాగా నానిన నల్లరేగడి టైరు గీతల్లో నిండిపోయి చక్రాన్ని నున్నటి బంతి చేసేస్తుంది. అందులోకి దమ్ము చక్రాల ట్రాక్టరు దిగాలి గానీ మనం కాదు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఎండ కాసింది. సాయంత్రం రెండో గేరులో, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా ఇంజను అరవకుండా బోరు దాకా వెళ్ళొచ్చాం. దారంతా నాన్న మాట్లాడింది ఒకే ముక్క: "మంచిగనే ఉందిరా బండి."

ఇంతకీ నా అభిప్రాయం ఇది. పాత బండికి మీ దగ్గరున్న మొదటి లక్ష, కనపడని చోట ఖర్చు పెట్టండి. బుష్షుల్లో, బ్రేకుల్లో, టైర్లలో, తాడులో. ఫోటోలో ఏమీ తెలియదు, లైకులు రావు. ఆ తర్వాత ఒక ఏడాది నడపండి. అప్పటికీ బండి చాలట్లేదు అనిపిస్తే, చాలనిది బండా మన చెయ్యా అని ఒకసారి చూసుకుని, చట్టం ఒప్పుకునే దారిలో ముందుకెళ్ళండి. నాకైతే ఏడాదిన్నర అయింది, ఇంకా బండే నాకంటే ముందుంది.

మీలో ఎవరైనా 205/70లో మంచి మట్టి టైరు ఎక్కడ సులువుగా దొరుకుతుందో తెలిసినవాళ్ళుంటే చెప్పండి. ఐదోది ఇప్పటికే కొంచెం కోసుకుపోయింది.