క్రీడా శిక్షకుడు – కొన్ని అనుభవాలు

ఈ సంచికకు క్రీడలను గూర్చి నాలుగు మాటలు వ్రాయమని విద్యార్థి మిత్రులు కోరారు. క్రీడల వలన ఆరోగ్యం, ఐకమత్యం, క్రమశిక్షణ కలుగుతాయని ప్రతి సంవత్సరమూ ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు. అందులో అసత్యమేమీ లేదు గనుక దానిని మళ్ళీ వ్రాయను. ఆడేవానిని గూర్చి కాక ఆడించేవానిని గూర్చి వ్రాయదలచాను. నిమ్మనపల్లె ప్రాంతంలో దాదాపు ముప్పది సంవత్సరాలు వ్యాయామోపాధ్యాయునిగా ఈల ఊదినవాడిని కావున ఆ మాత్రం అర్హత ఉన్నదనుకొంటాను.

మా పల్లెల్లో వ్యాయామోపాధ్యాయుణ్ణి ‘డ్రిల్లు అయ్యవారు’ అంటారు. జెండా పండుగనాడు పిల్లలను వరుసలలో నిలబెట్టడం, సున్నంతో గీతలు గీయడం, గణితం అయ్యవారు సెలవు పెట్టిన దినాన ఆ తరగతిని అల్లరి చేయకుండా చూడడం అతని పనులు. ఆ పేరులో శిక్షకుడు ఎక్కడా కనిపించడు. అయినా తెలుగు నేల మీద పుట్టిన గొప్ప శిక్షకులలో అగ్రగణ్యుడు ఒక బడిపంతులే అన్న సంగతి మనం మరువరాదు.

ఆయన హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు (1909–1963). ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, పాఠశాలలలో బోధించి, అటు పిమ్మట ఫుట్‌బాల్ శిక్షకులైనారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానం పొందింది. 2024లో ‘మైదాన్’ అనే హిందీ చిత్రం వచ్చిన తర్వాతనే నా దగ్గరకు వచ్చే పిల్లలకు ఆయన పేరు తెలిసింది. చలనచిత్రం చేసిన మేలు చలనచిత్రానిదే. పాఠ్యపుస్తకం ఆ పని ముందే చేసి ఉంటే బాగుండేది.

రహీం సాహెబు పద్ధతులలో నన్ను ఎక్కువగా ఆకర్షించినవి ఆయన పెట్టించిన విచిత్రమైన పోటీలు. బంతిని కాలి వద్దనే ఉంచుకొని ఎదుటివారిని తప్పించుకుంటూ పోవడం నిషిద్ధమైన పోటీ ఒకటి. అందులో ఆడేవాడు బంతి అందిన వెంటనే తోటివానికి అందించక తప్పదు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీ మరొకటి. ‘కలిసి ఆడండి’ అని గంటసేపు ఉపన్యసించనక్కరలేదు. అలా ఆడక గత్యంతరం లేని నియమం ఒక్కటి పెడితే చాలును. ఎడమ వైపు నుండి కూతకు వెళ్ళడానికి జంకే కబడ్డీ కుర్రవాళ్ళకు నేనూ వారానికొక సాయంకాలం ‘ఈ పూట కుడి ప్రక్కకు పోరాదు’ అని నియమం పెట్టేవాణ్ణి. మొదటి వారం నవ్వులాట, రెండవ వారం తిట్లు, మూడవ వారానికి ఎడమ వైపు దారి వాళ్ళకే దొరికేది.

అయితే పద్ధతులకన్న ముందున్న సంగతి మరొకటి ఉన్నది. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామ్ పేదవాడు. అభ్యాసానికి అంత దూరం రోజూ వచ్చే స్తోమత అతనికి లేదు. రహీం సాహెబు అతనికి సైకిలు అద్దెకు డబ్బు ఇచ్చారు. ఆ బలరామే మెల్‌బోర్న్‌లోనూ జకార్తాలోనూ భారతదేశం తరఫున ఆడాడు. ఇటీవలి ఉదాహరణ చెప్పాలంటే, వరంగల్లు జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్సులో 400 మీటర్ల పరుగులో కాంస్యం సాధించింది. ఆమె పరుగును మొదట గుర్తించినది బడిలోని వ్యాయామోపాధ్యాయుడే. శిక్షకుడు నాగపురి రమేశ్ ఆమెను హైదరాబాదుకు పంపమన్నప్పుడు ఆ తల్లిదండ్రుల వద్ద బస్సు ఛార్జీలకు కూడా డబ్బు లేదు. అద్దె సైకిలు, బస్సు టిక్కెట్టు – ఇవి ఏ శిక్షణ గ్రంథంలోనూ కనిపించవు.

అందుచేతనే నేను ఒక నోటు పుస్తకం పెట్టుకొన్నాను. అందులో పరుగు కాలాలకన్న ఇతర విషయాలే ఎక్కువ. ఎవడు రాత్రి సంగటి తిన్నాడు, ఎవడు ఉదయం ఖాళీ కడుపుతో వచ్చాడు, ఎవని ఇంట పశువులున్నవి, ఎవడు ఎన్ని గంటలు నిద్రపోయినాడు, ప్రక్క మీద నుండి లేవగానే నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకొన్నది. నాడి మామూలుకన్న పది హెచ్చితే ఆ దినం వానికి పరుగు లేదు. తోటి ఉపాధ్యాయులు ఈ పుస్తకాన్ని చూసి ‘జనాభా లెక్కలా సార్?’ అని పరిహసించేవారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి మైదానం చుట్టూ పది సార్లు పరుగెత్తించే ఆచారం ఇంకా మనలో ఉన్నది. పరుగును ప్రేమించమని చెప్పవలసినవాడే దానిని శిక్షగా విధిస్తే పిల్లవాడు దేనిని నేర్చుకొంటాడు? ఇది నాకు ఎన్నడూ రుచించలేదు.

రంజాను నెలలో మా మైదానంలో పని మారిపోయేది. ఉపవాసమున్న పిల్లలు సగానికి సగం. ఆ నెల దూరపు పరుగులు మాని, ఇఫ్తారుకు ముందు ముప్పావు గంట చేతిపట్లు, కాలికదలికల వంటి తేలిక అభ్యాసమే చేయించేవాణ్ణి. ఉపవాసం లేనివారికీ అంతే. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్లలు నీళ్ళ సీసాలను వేపచెట్టు వెనుక పెట్టుకొని, అక్కడికి పోయి త్రాగి వచ్చేవారు. ఐకమత్యాన్ని గూర్చి నేను ఉపన్యాసం ఇవ్వకపోవడానికి ఇదొక కారణం.

శిక్షకుని అసలు భారం మాత్రం మరొకటి. ఇతరుల దేహాన్ని గూర్చి అతడు నిర్ణయం చేయవలసి ఉంటుంది. 1962 జకార్తాలో జర్నైల్ సింగుకు తలకు దెబ్బ తగిలి కుట్లు పడినవి. అతడు రక్షణ పంక్తి ఆటగాడు. రహీం సాహెబు అతణ్ణి సెమీఫైనల్లో ముందు పంక్తిలో, సెంటర్ ఫార్వర్డుగా దించారు. జర్నైల్ ఆ ఆటలో ఒక గోలు, దక్షిణ కొరియాతో జరిగిన ఫైనల్లో మరొక గోలు చేశాడు. మనవారు 2–1తో గెలిచారు. దీనిని సాహసమని అందరూ కొనియాడుతారు. నాకు తోచేది వేరు. జర్నైల్ చిన్ననాడు ముందు పంక్తిలో ఆడినవాడన్న సంగతి రహీం సాహెబుకు తెలుసు. ఆ ఎరుక లేకుండా తీసుకొన్న నిర్ణయమైతే అది జూదమే అయ్యేది. అప్పటికే ఆయన కాన్సరుతో బాధపడుతున్నారు. మరుసటి సంవత్సరం జూన్‌లో కన్నుమూశారు.

నా ముందుకు వచ్చిన నిర్ణయం అంత పెద్దది కాదు. 1500 మీటర్లు పరుగెత్తే కుర్రవాడొకడు తెల్లవారుజామున మూడు గంటలకు మదనపల్లె టమోటా మండీకి పోయి పెట్టెలు మోసి, ఏడింటికి మైదానానికి వచ్చేవాడు. జిల్లా పోటీలు వారముందనగా కాలు నొప్పి అన్నాడు. మోకాలి క్రింద ముందరి ఎముక మీద వ్రేలితో నొక్కి చూశాను. ఎముక పొడవునా నొప్పి అయితే భయం తక్కువ; వానికి ఒకే చోట, పావలా బిళ్ళంత మేర, నొప్పి. ఎముకలో సన్నని పగులు మొదలైనప్పుడు అలా ఉంటుంది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. ఆరంభంలో కనిపించకపోవచ్చునని వైద్యుడే చెప్పాడు.

“ఫోటోలో ఏమీ లేదు గదా సార్, పరిగెత్తుతాను” అన్నాడు వాడు. సాయంకాలం వాని తల్లి ఇంటికి వచ్చింది. “అయ్యోరూ, వాడు రాష్ట్రం దాకా పోతే ఆటల కోటాలో ఉద్యోగం వస్తాదంట. మీరే వద్దంటా ఉండారంట, ఎందుకయ్యా?” అని అడిగింది. ఆమె ప్రశ్నలో తప్పేమీ లేదు. ఆ ఇంటికి ఆ ధ్రువపత్రం ఎంత విలువైనదో నా నోటు పుస్తకంలోనే వ్రాసి ఉన్నది. పగులు పెరిగితే నెలల తరబడి పెట్టె మోయలేడన్నదీ అందులో ఉన్నదే. ఆ మాటే ఆమెకు చెప్పాను. ఆమె కొంతసేపు కూర్చుండి, మంచినీళ్ళు త్రాగి, వెళ్ళిపోయింది. జిల్లా పోటీల జాబితాలో వాని పేరు నేను చేర్చలేదు.

వాడు నెల రోజులు మైదానానికి రాలేదు. తర్వాత వచ్చినా మునుపటివలె మాట్లాడలేదు. ఆ మరుసటి ఏడు వయస్సు దాటిపోయి ఆ విభాగంలో పోటీ చేయలేకపోయినాడు. ఇప్పుడు ఆ మండీలోనే లెక్కలు వ్రాస్తున్నాడు. నేను కూరగాయలకు పోయినప్పుడు లేచి నమస్కారం చేసి, సంచి స్కూటరు దాకా తెచ్చి పెడతాడు. కుంటకుండా నడుస్తాడు. ఆ పరుగు సంగతి మాత్రం మా ఇద్దరిలో ఎవరమూ ఎత్తము.