ఆపరేషన్‌కు ముందు మూడు నెలలు

ప్రతి వారం మీ ఉత్తరాలకు జవాబులు రాస్తుంటాను. ఈ వారం నా సంగతే చెబుతాను.

నా వయస్సు యాభై అయిదు. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోవాలని నిర్ణయించుకున్నాను. పరీక్షలన్నీ అయ్యాక సర్జన్‌గారు మూడు నెలలు గడువు పెట్టి, “ఈలోగా రోజూ నడవండి మేడమ్” అన్నారు.

“నడవాలనే ఉందండీ. నడుం నిలబడనివ్వడం లేదు” అన్నాను.

ఆ మాట అంటుండగానే ఒకావిడ గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ క్రితం గాజువాక నుంచి వచ్చింది. భర్త స్టీల్ ప్లాంటులో ఉద్యోగి. అచ్చం ఇదే మాట నాతో అంది. “బద్ధకం వదిలి నడిస్తే అదే తగ్గుతుందమ్మా” అని చీటీ రాసిచ్చి, తర్వాతి పేషెంటును పిలిచాను. ఆవిడ మళ్ళీ రాలేదు.

అసలు లావుగా ఉన్నవారికి నడుం నొప్పి ఎందుకొస్తుంది? ముందుకు పెరిగిన పొట్ట వెన్నెముక కింది భాగాన్ని ముందుకు లాగుతుంది. మనిషి తూలిపోకుండా వీపు కండరాలు వెనక్కి లాగి పట్టుకుంటాయి. చంకన బిందె పెట్టుకున్న మనిషి రెండో పక్కకు ఒరిగి నడవడం చూశారుగా, ఇదీ అంతే. కాకపోతే బిందెను దించుకోవచ్చు, పొట్టను దించుకోలేం. అందుకే అయిదు నిమిషాలు నిలబడితే నడుం లాగేస్తుంది, కూర్చుంటే సర్దుకుంటుంది. కొందరికి వెన్నులో నరాల దారి కూడా ఇరుకవుతుంది. మెడిసిన్ చదివే రోజుల్లో కె.జి.హెచ్. డౌన్‌ను పరుగున ఎక్కేవాళ్ళం. ఇప్పుడు ఎక్కితే ఆయాసం వస్తుంది గాని, నడుముకు మాత్రం దిగడమే కష్టం. ఎక్కేటప్పుడు ఒళ్ళు ముందుకు వంగుతుంది, దిగేటప్పుడు వెనక్కి వాలుతుంది. తేడా అక్కడుంది.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. మొదటి వారం సెలవు పెట్టి పడుకున్నాను. ఎలాగూ ఆపరేషన్ అవుతుంది, ఆ తర్వాత నడవవచ్చులే అనుకున్నాను. ఎనిమిదో రోజున మంచం మీంచి లేవడానికి మా అమ్మాయి చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. ఒకప్పుడు నడుం నొప్పికి మంచమే మందనేవారు. 1986లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధన ఆ నమ్మకాన్ని కదిలించింది. ఏడు రోజులు పడుకోమన్నవారికి, రెండు రోజులే పడుకోమన్నవారికంటే అదనంగా ఒరిగిందేమీ లేదు. పైగా రెండు రోజులవారే త్వరగా పనిలోకి వెళ్ళారు. ఇదంతా తెలిసీ పడుకున్నాను!

పైగా ఈ ఆపరేషన్ చేసేది పొట్టకు, వెన్నుకు కాదు. నాకు చేయబోయే పద్ధతిలో జీర్ణాశయంలో దాదాపు ముప్పావు వంతు తీసేస్తారు. బరువు తగ్గితే చాలామందికి నడుం నొప్పి తగ్గుతుంది, అందరికీ పూర్తిగా పోతుందని చెప్పలేం. ఆపరేషన్ అయిన కొద్ది గంటలకే లేపి నడిపిస్తారు. కాళ్ళ నరాల్లో రక్తం గడ్డ కట్టకుండా, ఊపిరితిత్తుల్లో కఫం చేరకుండా ఉండటానికి అది అవసరం. ముందు నుంచి కదలని మనిషి ఆ రోజు ఎలా లేస్తుంది?

అందుకని ఇలా మొదలుపెట్టాను. నొప్పి అయిదో నిమిషంలో వస్తుంది కాబట్టి మూడు నిమిషాలే నడిచి, కూర్చునేదాన్ని. అలా రోజుకు ఆరుసార్లు. వారానికో నిమిషం పెంచాను. చేతులున్న ఎత్తు కుర్చీలోంచి, పట్టుకోకుండా అయిదుసార్లు లేచి కూర్చోవడం. కూర్చునే మోకాళ్ళు చాపడం, పాదాలు ఆడించడం. వంటింట్లో కూరలు తరగడం కూర్చునే. పొయ్యి దగ్గర నిలబడక తప్పనప్పుడు ఒక పాదం చిన్న పీట మీద పెడతాను, కాసేపటికి కాలు మారుస్తాను. పక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పడుకుంటాను. లేచేటప్పుడు పక్కకు దొర్లి, కాళ్ళు కిందికి దించి, చేత్తో నొక్కి లేస్తాను. బాత్‌రూములో గోడకు కడ్డీ బిగించారు.

అన్నిటికంటే కష్టమైంది చేతికర్ర. ఓ.పి.కి కర్రతో వెళ్ళడానికి సిగ్గుపడి వారం రోజులు కారులోనే వదిలేశాను. తీరా పట్టుకెళ్ళాక ఎవరూ వింతగా చూడలేదు. మూడు నిమిషాల నడక అయిదు నిమిషాలయింది.

మాత్రల విషయం జాగ్రత్త. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు రోజూ మింగితే కడుపులో పుండు పడవచ్చు, మూత్రపిండాలు చెడవచ్చు. ఈ ఆపరేషన్ అయినవారికి అవి మరీ ముప్పు. ఏమేం వాడుతున్నారో సర్జన్‌కు దాచకుండా చెప్పండి. కాలు బలం తగ్గినా, మర్మాంగాల దగ్గర తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా, నొప్పితోపాటు జ్వరం వచ్చినా వ్యాయామం జోలికి పోక వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

ఆపరేషన్ ఎవరికి? బరువును కిలోల్లో తీసుకొని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించండి. నాకు 45 వచ్చింది. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు, 35 దాటినవారికి ఇతర జబ్బులు లేకపోయినా సిఫార్సు చేశాయి. మన ఆసియా వాళ్ళకు 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. అయితే అంకె ఒక్కటే చాలదు. మీ డాక్టరు మిమ్మల్ని చూసి చెప్పాలి.

ఆపరేషన్ వచ్చే నెలలో. చదువుకునే రోజుల్లో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ రెండుసార్లు నడిచాను. ఇప్పుడు నా ప్రదక్షిణ వరండా నుంచి వీధి గేటు దాకా, పదకొండు నిమిషాలు. మొన్న ఓ.పి.లో ఒకామె “నడవలేనమ్మా” అంది. నా పక్కనున్న కుర్చీ చూపించి కూర్చోమని, “ఎన్ని నిమిషాలు నిలబడగలవమ్మా?” అని అడిగాను. గాజువాక ఆవిడను ఆనాడు నేను అడగవలసిన ప్రశ్న అదే.