రబ్బరు కొత్తది, ఇనుము పాతది

డాలస్‌లో గేర్లున్న పాత బీఎండబ్ల్యూ దొరకడం కష్టం. దొరికినా ధర కొండెక్కి ఉంటుంది. అందుకే 2004 మోడల్ 330ఐ ఆటోమేటిక్ కొని మాన్యువల్‌కి మార్పించాను. "ఆ డబ్బేదో పెట్టి ముందే గేర్ల బండి కొనుక్కోవచ్చుగా?" అంది మా ఆవిడ. అడగాల్సిన ప్రశ్నే. ఇంజను బాగుంది, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మాత్రం పోయింది. కారు చౌకగా వచ్చింది అందుకే. ఆ గేర్‌బాక్స్ బాగుచేయించినా, మాన్యువల్ పెట్టించినా ఖర్చు ఇంచుమించు ఒకటే అయ్యేలా ఉంది. అలాంటప్పుడు నచ్చింది పెట్టించుకోవడమే నయమనుకున్నాను.

గేర్‌బాక్స్ బేరం తొందరగానే తెగింది. అసలు లెక్కలన్నీ క్లచ్ హైడ్రాలిక్స్ దగ్గరే వచ్చాయి. ఈ కారు క్లచ్‌కి కేబుల్ ఉండదు. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ ద్రవాన్ని నెడుతుంది, గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ ఆ ఒత్తిడితో క్లచ్‌ని విడదీస్తుంది. ద్రవం బ్రేకులు వాడుకునే రిజర్వాయర్ నుంచే వస్తుంది.

విడిభాగాల నంబర్ల కోసం కేటలాగ్‌లో మన కారు వీఐఎన్ (కారు గుర్తింపు సంఖ్య) కొడితే లాభం లేదు. ఫ్యాక్టరీ లెక్కలో అది ఆటోమేటిక్, క్లచ్ పేజీయే తెరుచుకోదు. అదే ఏడాది, అదే మోడల్ మాన్యువల్ కారు వీఐఎన్‌లో చివరి ఏడు అక్షరాలు కొట్టి నంబర్లు రాసుకున్నాను. డీలర్ డబ్బాలో వచ్చే మాస్టర్ సిలిండర్‌ని తయారుచేసింది ఎఫ్‌టీఈ. ఆ కంపెనీ డబ్బాలోనే కొంటే చాలా తక్కువకి వచ్చింది.

ఏది పాతది, ఏది కొత్తది అన్నదానికి ఒకటే కొలత పెట్టుకున్నాను: చెడితే మళ్లీ ఎంత విప్పాలి? క్లచ్ పెడల్, చిన్న బ్రేక్ పెడల్ ఇనుమే కాబట్టి జంక్‌యార్డ్‌లో 120 డాలర్లకు తీసుకున్నాను. వాటి ప్లాస్టిక్ బుష్‌లు మాత్రం కొత్తవి, 10. రబ్బరు సీళ్లున్నవేవీ పాతవి కొనలేదు. మాస్టర్ 110, స్లేవ్ 65, ప్రెషర్ హోస్ 30, రిజర్వాయర్ నుంచి వచ్చే గొట్టం 15, డాట్ 4 ద్రవం 15. మొత్తం 365 డాలర్లు. స్లేవ్ బయటే ఉంటుంది, రెండు నట్లు విప్పితే వచ్చేస్తుంది. అయినా పాతది పెడితే హైవే మీద పెడల్ నేలకి అంటుకున్న రోజున టోయింగ్ బిల్లే దాని ధర దాటుతుంది. క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ సంగతి చెప్పనక్కర్లేదు. మార్చాలంటే గేర్‌బాక్స్ మొత్తం దించాలి, కాబట్టి అవీ కొత్తవే, పేరున్నవే.

అమ్మేటప్పుడు ఈ డబ్బు తిరిగొస్తుందని నేను లెక్క కట్టలేదు. ఇది సరదా ఖర్చు. ఇంటి వాయిదాలు, పిల్లల చదువు పొదుపు అన్నీ కట్టాక మిగిలిన సొమ్ములోంచి పెట్టాను. మీరూ ఇలాంటి పని పెట్టుకుంటే గేర్‌బాక్స్ ధర చూసి బడ్జెట్ వేయకండి. చిన్న విడిభాగాల జాబితా నంబర్లతో సహా ముందే రాసుకుని, ఒక్కోదాని పక్కన మళ్లీ విప్పితే అయ్యే కూలీ కూడా వేయండి. ఆ రెండో అంకె పెద్దదైన చోట పాత సామాను జోలికి పోవద్దు.